నాలుగు గరిటెలు ఎక్కువ

నాకు నోరెక్కువని మా ఆయన బాలశౌరి ఊరంతా చెబుతాడు. అది అబద్ధం. నాకు ఎక్కువైంది నాలుక. పులుసులో ఉప్పు చిటికెడు తేడా వస్తే నాకు తెలిసిపోతుంది. తెలిసిన మాట కడుపులో దాచుకోవడం చేతకాదు. అందులో నా తప్పేముంది? దేవుడు నాలుక ఇచ్చింది రుచి చూడ్డానికీ, చూసింది చెప్పడానికీ.

ఆ నవంబర్లో మా ముగ్గురి బతుకూ ఆ నాలుక మీదే నిలబడింది. మాది గుంటూరు దగ్గర ఫిరంగిపురం. మూడేళ్ళు నేను ఐర్లండ్‌లోని డండాక్‌లో, ముసలివాళ్ళుండే ఒక నర్సింగ్ హోమ్‌లో వంట చేశాను. మాంద్యం వచ్చి ఆ నర్సింగ్ హోమ్ మూతపడింది. ఈ దేశంలో ఉండాలంటే నాకు పర్మిట్ ఉండాలి, పర్మిట్ ఉండాలంటే ఉద్యోగం ఉండాలి. ఉద్యోగం పోయినవాళ్ళకు ఆరు నెలలు గడువిస్తారు. మా గడువులో ఇంక పంతొమ్మిది రోజులే మిగిలాయి. ఈలోగా ఎవరో ఒకరు నన్ను పనిలో పెట్టుకోకపోతే మూటాముల్లె సర్దుకుని విమానం ఎక్కాల్సిందే. మా అమ్మాయి అబిగేయిల్‌కు జూన్‌లో లీవింగ్ సర్ట్ పరీక్షలు, మన ఇంటర్ లాంటివి. ఇప్పుడు లాక్కుపోతే ఆ పిల్ల చదువు ఎటూ కాకుండా పోతుంది. రాత్రిళ్ళు నాకు పట్టిన బెంగంతా అదే.

అలాంటప్పుడు కార్క్ నుంచి గిరిజాకుమారి ఫోన్ చేసింది. అక్కడ ఆసుపత్రిలో నర్సు, మా చర్చి పిల్ల.

"అక్కా, ఇక్కడ వియత్నాం ఆవిడ హోటల్ ఒకటుంది. వంటమనిషి కోసం చూస్తంది. పర్మిట్ కాగితాలు కూడా పెడతానంది. కాకపోతే ఒక మెలిక ఉందక్కా."

"ఏం మెలిక?"

"వాళ్ళ పెద్దకూర నూడుల్స్ సూపు ఉంటది చూడూ, అది దార్లో డబ్లిన్‌లో ఒకచోట తినాలంట. కార్క్‌లో ఆవిడ హోటల్‌కి ఎదురుగా ఇంకోటి ఉంది, అక్కడా తినాలంట. ఆఖర్న ఆవిడ దగ్గర తిని, ఏది ఎట్టా ఉందో చెప్పాలంట. ఇప్పటికి ఐదుగురొచ్చారు. ఐదుగుర్నీ అదే రోజు పంపించేసింది."

"ఓసి నీ అమ్మ కడుపు చల్లగుండ! ఇది మెలికటే? విందు భోజనం కదే!" అన్నాను. గొడ్డు ఎముకల సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా వాళ్ళు మర్యాదకు పెద్దకూర అంటారు గానీ, మూలుగ ఎముక ఎంతసేపు ఉడికితే ఎంత రుచి దిగుతుందో నాకు పళ్ళు రాకముందు నుంచే తెలుసు.

డండాక్‌లో బస్సెక్కిన దగ్గర్నుంచి మా ఆయన ఒకటే పోరు. రేడియోలో ఎవరో ఐఎమ్ఎఫ్ వాళ్ళు డబ్లిన్‌లో దిగారని ఊపిరి తీసుకోకుండా చెబుతున్నారు. డ్రైవరు సౌండ్ తగ్గించాడు. మా ఆయన గొంతు పెంచాడు.

"రత్నం, నా మాట విను. డబ్లిన్‌ది బాగాలేదను. ఎదురు హోటల్‌ది పరవాలేదను. ఆవిడది మాత్రం అమృతమను. అంతే. ఇంకొక్క ముక్క మాట్టాడబాక."

"బాగుంటే బాగుందంటాను."

"బాగోకపోయినా బాగుందను! ఉన్నమాటంటే ఉలుకెక్కువని ఊరికే అన్నారా? ఆ నర్సింగ్ హోమ్ మేనేజరు పెళ్ళాం చేసిన క్రిస్మస్ పుడ్డింగ్ గురించి నువ్వు వాగిన వాగుడు మర్చిపోయావా?"

"అది పుడ్డింగ్ కాదు, గోడకు కొట్టే సున్నం."

ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. దారి పొడుగునా సగం కట్టి వదిలేసిన ఇళ్ళు, కిటికీలు లేకుండా, వరసగా కనిపించాయి. ఆయన చెప్పిందాంట్లో న్యాయం లేకపోలేదని నాకూ తెలుసు. ఒక్క తీపి మాటతో ఉద్యోగం వస్తే నా సొమ్మేం పోతుంది? చూద్దాంలే అనుకున్నాను.

డబ్లిన్‌లో బస్టాండుకు రెండు సందుల అవతల ఉంది మొదటి హోటల్. ఒకే గిన్నె చెప్పి రెండు చెంచాలు అడిగాం. మెనూ కార్డులో ఆ సూపు పేరు చూసి మా ఆయన ముఖం అదోలా పెట్టాడు.

"ఫో అని రాశారేందే? డబ్బులిచ్చి పో అనిపించుకోవాలా మనం?"

నాకు నవ్వాగలేదు. ఆ సూపు కూడా ఆ మాటకు తగ్గట్టే ఉంది. అనాస పువ్వు దండిగా వేసి, ఎముకలకు టైమివ్వకుండా దించేశారు. నోట్లో పెట్టుకుంటే మందుల షాపులోకి వెళ్ళినట్టుంది. మాంసం ముక్కలు మందంగా కోశారు, నమిలి నమిలి దవడలు నొప్పి పుట్టాయి. నేను చిన్న పుస్తకంలో రాసుకున్నాను. మా ఆయన మాత్రం గిన్నె అడుగుదాకా తాగేశాడు, డబ్బులిచ్చాం కదా అని.

అప్పుడే అబిగేయిల్ ఫోన్ చేసింది. డండాక్‌లో స్నేహితురాలి ఇంట్లో ఉంది.

"తిన్నావా అమ్మా?" అన్నాను.

"ఐ డిడ్, యా. మామ్, డోంట్ బి స్ట్రెస్సింగ్. ఇట్'ల్ బి గ్రాండ్."

ఇక్కడివాళ్ళు పరవాలేదనడానికి గ్రాండ్ అంటారు, ఈ పిల్లకు అన్నీ గ్రాండే. వాన పడినా గ్రాండ్, ఇల్లు కూలినా గ్రాండ్. ఫోన్ మా ఆయన చేతికిచ్చేశాను.

ఆ రాత్రి కార్క్‌లో గిరిజాకుమారి ఇంట్లో పడుకుని, మర్నాడు పన్నెండు కొట్టకముందే ఎదురు హోటల్ ముందు నిలబడ్డాం. మాకంటే ముందు తొమ్మిది మంది ఉన్నారు. ఊళ్ళో సగం షాపులకు అద్దెకివ్వబడును బోర్డులు వేలాడుతుంటే ఇక్కడ లైను! లోపల పొట్టిగా, సన్నగా ఒకతను వంటగదికీ బల్లలకూ మధ్య పరుగులు పెడుతున్నాడు. మిన్ అని పిలుస్తున్నారు అందరూ. ఓనరూ వంటవాడూ అతనే.

గిన్నె వచ్చింది. ముందు ఆవిరి పీల్చాను. కాల్చిన అల్లం, కాల్చిన ఉల్లిపాయ, దాని వెనకే దాల్చిన చెక్క. సూపు తేటగా, గిన్నె అడుగున పువ్వు బొమ్మ కనబడేంత తేటగా ఉంది. ఒక చెంచా తాగి కళ్ళు మూసుకున్నాను. ఉప్పు ఉందో లేదో తెలియనట్టుంది, కానీ లేకపోతే మాత్రం తెలుస్తుంది. ఉప్పంటే అలా ఉండాలి. పల్చటి పచ్చిమాంసం ముక్కలు ఆ వేడికే ఉడికి నోట్లో కరిగిపోయాయి.

"ఏందే, ఏడుస్తన్నావా?" అన్నాడు మా ఆయన.

"కారం," అన్నాను. నిజానికి నేనింకా కారం వేసుకోలేదు.

రెండింటికి రోడ్డు దాటి, గిరిజాకుమారి చెప్పిన ఆ వియత్నాం ఆవిడ, లాన్ గారి హోటల్‌కు వెళ్ళాం. ఆవిడ షరతు ప్రకారం ముందు మామూలు గిరాకీలాగే కూర్చుని తిన్నాం. పన్నెండు బల్లల్లో మూడింటి దగ్గరే మనుషులున్నారు. మొదటి చెంచాకే నాకు అర్థమైంది, ఇదీ ఎదురు హోటల్ సూపే. అదే వంట, అదే వరస. ఎముకలు ఇక్కడే ఇంకా మంచివి, మూలుగ బాగా దిగింది. కానీ చేపల సాస్ దంచి కొట్టారు. ఆ ఉప్పు దాల్చిన చెక్కనూ, అల్లాన్నీ, ఎముకల తీపినీ, అన్నింటినీ తొక్కిపెట్టింది. బంగారంలాంటి సూపును చేతులారా పాడుచేశారని నాకు ఒళ్ళు మండింది.

మా ఆయన నా ముఖం చూసి బల్ల కింద నా కాలు తొక్కాడు. "అమృతం," అన్నాడు పళ్ళ బిగువున. "అమృతమే రత్నం. గుర్తుపెట్టుకో."

లాన్ గారు నన్ను వంటగదిలోకి పిలిచింది. అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్ళ కిందట ఓడలో దేశం వదిలి వచ్చిందని గిరిజాకుమారి చెప్పింది. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ సరిగ్గా ఒకే ఎత్తు, కాబట్టి ఒకరికొకరం బాగానే అర్థమయ్యాం. రాత్రి వడ్డనకు సూపు సిద్ధం చేస్తోంది. మనిషి దిగేంత పెద్ద గిన్నె. గోడకు చిన్న అల్మరా, అందులో ఒక ముసలాయన ఫోటో, కమలాపండ్లు, వెలిగించిన అగరొత్తి ఉన్నాయి.

ఆవిడ గరిటెతో కలిపింది. చేపల సాస్ సీసా వంచింది. ఆగింది. మళ్ళీ వంచింది. ఒక్క చుక్క కూడా నోట్లో వేసుకోలేదు. అది చూసి నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. గుంటూరులో మా అమ్మ అంట్లు తోమిన హోటల్లో ఒక పంతులు గారు వంట చేసేవాడు. దేవుడికి పెట్టకముందు ఎంగిలి కాకూడదని రుచి చూసేవాడు కాదు. ఆవిరి ముక్కుకు తగిలితే చాలు, ఉప్పెంతో చెప్పేసేవాడు. మా అమ్మను వంటగది గడప తొక్కనిచ్చేవాడు కాదు, అది వేరే సంగతి. చెయ్యి మాత్రం గొప్పది. ఈవిడా అలాంటిదే, అగరొత్తి కూడా ఉంది కదా అనుకున్నాను.

"మా దేశంలో కూడా గొప్ప వంటవాళ్ళు రుచి చూడరండీ," అన్నాను. "దేవుడికంటే ముందు నాలుక పెట్టకూడదని. వాసనతోనే అన్నీ పోల్చేస్తారు. మీరూ అంతేనా?"

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

"అంతే," అంది. "వాసనతోనే."

పొయ్యి మీద ఉల్లిపాయలు కాలడానికి పెట్టి నా వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు. మూడింట్లో ఏది బాగుంది?"

వడ్డించే కిటికీలో మా ఆయన తల కనిపించింది. అమృతం, అమృతం అని పెదాలతోనే చెబుతున్నాడు. నాకు అబిగేయిల్ కళ్ళముందు మెదిలింది. ఒక్క అబద్ధం రత్నం, ఒక్కటంటే ఒక్కటి అనుకున్నాను. నోరు తెరిచాను. ఆ నోట్లో ఇంకా ఉప్పే ఉంది.

"ఎదురు హోటల్‌ది," అన్నాను.

కిటికీలోంచి మా ఆయన తల మాయమైంది.

"మీదీ అదే సూపండీ. మీ ఎముకలు ఇంకా మంచివి. కానీ చేపల సాస్ నాలుగు గరిటెలు ఎక్కువైంది. అది మిగతావన్నీ చంపేసింది. ఇంత మంచి సూపును అలా చేయడం పాపం."

లాన్ గారి ముఖం కందగడ్డలా ఎర్రబడింది. "ఇదే మాట అన్నాడు మిన్. పదకొండేళ్ళు పక్కన నిలబెట్టి నేర్పాను వాడికి. ఉప్పు ఎక్కువైందని నాకే చెప్పాడు, నాకు! వాణ్ణే బయటికి గెంటాను, నువ్వెంత? తలుపు అటుంది."

నాకూ రోషమొచ్చింది. "అడిగింది మీరు. నేను అడక్కుండా చెప్పలేదు," అని సంచీ భుజాన వేసుకున్నాను. తలుపు దాకా వెళ్ళి ఆగాను. పంతొమ్మిది రోజులు కాస్తా పదిహేడయ్యాయి, చేతిలో ఉన్న ఒక్క ఉద్యోగాన్నీ నేనే తన్నేశాను. ఏం తల్లినే నేను అని నన్ను నేనే తిట్టుకున్నాను.

అప్పుడే ముక్కుకు తగిలింది, కాలుతున్న గుడ్డ కంపు. వెనక్కి తిరిగి చూస్తే ఉల్లిపాయల పక్కన పెట్టిన మసిగుడ్డ కొస మంటకు తగిలి పొగ కక్కుతోంది. లాన్ గారు దానికి మూరెడు దూరంలోనే, పొయ్యికి వీపు పెట్టి నిలబడింది. ముక్కుపుటం కూడా అదరలేదు. నేను పరుగున వెళ్ళి ఆ గుడ్డను పట్టకారుతో లాగి సింకులో పడేసి నీళ్ళు తిప్పాను.

ఆవిడ గుడ్డను చూసింది. తర్వాత నన్ను చూసింది. మంటకు భయపడిన చూపు కాదది, నా కంటబడ్డందుకు భయపడిన చూపు.

నర్సింగ్ హోమ్‌లో ఒక ముసలాయన ఉండేవాడు. టోస్ట్ మాడి బొగ్గయినా తెలియక దానిమీద వెన్న రాసుకుని తినేవాడు. ఏం వండిపెట్టినా ఉప్పు డబ్బా బోర్లించేవాడు. మూడు నెలలు ఆయన్ను తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది, ఆయన ముక్కు ఎప్పుడో పోయిందని. అది గుర్తొచ్చి నా తెలివికి నాకే సిగ్గేసింది. ఎంగిలీ లేదు, మడీ లేదు. ఈవిడ రుచి చూడకపోవడం భక్తి వల్ల కాదు. చూసినా తెలియదు కాబట్టి.

వంటగది తలుపు దగ్గరికి వేశాను.

"లాన్ గారూ," అన్నాను మెల్లగా. "మీకు వాసన తెలియడం లేదు కదూ?"

"నాకు అన్నీ తెలుసు."

చేపల సాస్ సీసా, వెనిగర్ సీసా తీసి రెండిటి మూతలూ విప్పాను. "కళ్ళు మూసుకోండి. ఏది ఏదో చెప్పండి. తప్పు నాదైతే మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆవిడ కళ్ళు మూసుకోలేదు. అక్కడే ఉన్న ఉల్లిపాయల బస్తా మీద కూలబడింది. నేను పొయ్యి ఆపి ఆవిడ పక్కన నేలమీద కూర్చున్నాను.

"రెండు చలికాలాల కింద జలుబు చేసింది," అంది చివరికి. "జలుబు పోయింది. వాసన తిరిగి రాలేదు. ఉప్పు లీలగా తెలుస్తుంది. చేపల సాస్ అసలే తెలియదు. తెలిసేదాకా పోస్తూనే ఉంటాను. తిండి మీద బతికే మనిషిని, ఎవరితో చెప్పుకోను? ఎవరికైనా తెలిస్తే ఇంక ఎవరు వస్తారు?"

"మరి ఆ ఐదుగురూ?"

"ఐదుగురూ నాదే బాగుందన్నారు. వాళ్ళ అబద్ధం నాకు తెలుస్తూనే ఉంది. మిన్ దుకాణం ముందు లైను నాకు ఇక్కణ్ణించి కనబడదా?" ఆవిడ వడ్డించే కిటికీ వైపు చెయ్యి చూపింది. "వాడు చెప్పింది నిజమని వాణ్ణి గెంటిన రోజే నాకు తెలుసు. గరిటె విసిరాను వాడి మీద. పిల్లాడిలా పెంచినవాడి మీద."

నాకు కన్నీళ్ళాగలేదు. అంతకుముందే తిట్టుకున్న మనిషి కోసం ఏడవడం నాకు కొత్త కాదులెండి, నాది అలాంటి గుండె. "ముక్కు పోతే పోయింది గానీ చెయ్యి పోలేదు కదండీ," అన్నాను. "ఆ ఎముకలు ఉడికించిన చెయ్యి ఎవరిది? నిజం తెలిసి కూడా పదిమందికి ఉప్పునీళ్ళు పోస్తున్నారే, అదీ తప్పు."

ఆవిడ నా వైపు కోపంగా చూసింది. తర్వాత ఆ కోపం దిగిపోయింది. లేచి ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలించింది.

"పద," అంది.

"ఎక్కడికి?"

బయట బల్ల దగ్గర తల పట్టుకుని కూర్చున్న మా ఆయన్ను కూడా రమ్మని చేత్తో పిలిచింది. వాన పడుతోంది. ముగ్గురం రోడ్డు దాటాం. మిన్ హోటల్ మధ్యాహ్నం రద్దీ తగ్గి ఖాళీగా ఉంది. లాన్ గారు గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, లోపలికి వెళ్ళి, తలుపు పక్క బల్ల దగ్గర కూర్చుంది. ఒక గిన్నె చెప్పింది. గిన్నెతో వచ్చినవాడు మిన్ స్వయంగా. ఆవిణ్ణి చూసి కొయ్యబారిపోయాడు. గిన్నె బల్లమీద పెట్టాడు గానీ అక్కణ్ణించి కదల్లేదు.

లాన్ గారు గిన్నెను మా ఇద్దరి మధ్యకు జరిపింది. నాకు ఒక చెంచా ఇచ్చి తానొకటి తీసుకుంది. ఇద్దరం ఒకే గిన్నెలోంచి ఒకేసారి తాగాం.

"చెప్పు," అంది కళ్ళు మూసుకుని. "నాకు చెప్పు. ఎలా ఉంది?"

నా జన్మలో ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు. "ముందు కాల్చిన అల్లం తెలుస్తోందండీ. మాడలేదు, అంచు మాత్రమే నల్లబడింది. తర్వాత దాల్చిన చెక్క, ఉండీ లేనట్టు. అనాస పువ్వు దూరంగా ఉంది. మింగాక ఎముకల తీపి గొంతులో నిలబడుతోంది. ఉప్పు ఎంత కావాలో అంతే ఉంది. చేపల సాస్ ఉందని ఎవరూ కనిపెట్టలేరు."

లాన్ గారి మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "నా సూపు," అంది.

"మీదేనండీ," అన్నాను. "నూటికి నూరుపాళ్ళు మీదే."

ఆవిడ కళ్ళు తెరిచింది. మిన్ వైపు చూడకుండా గిన్నెను చూస్తూ నన్నే అడిగింది. "నా దాంట్లో చేపల సాస్ ఎంత ఎక్కువన్నావు?"

"నాలుగు గరిటెలు."

మిన్ మొదటిసారి నోరు విప్పాడు. "నేను మూడన్నాను," అన్నాడు చిన్న గొంతుతో.

లాన్ గారు తలెత్తి అతన్ని చూసింది. వాళ్ళ భాషలో ఏదో అంది, మూడు నాలుగు మాటలు. అతను పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆవిడ అతని తలమీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉంచింది. మేమిద్దరం ఎటు చూడాలో తెలియక వానను చూశాం.

తర్వాత ఆవిడ ముక్కు చీదుకుని, కాగితంతో ముఖం తుడుచుకుని, నా వైపు తిరిగింది.

"రోజూ పొద్దున ఆరింటికి రావాలి. నువ్వు సరేనన్నాకే గిన్నె బయటికి వెళ్తుంది. పాస్‌పోర్ట్ తెచ్చావా?"

నేను తలూపాను. మా ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు, కోటు లోపలి జేబులోకి చెయ్యి పోనిచ్చి వెతుక్కుంటూ.

"ఉన్నాయండీ," అన్నాడు. "ముగ్గురివీ ఉన్నాయి."